చుక్క నీళ్లు ముట్టని పెంపకం

“రేపటి నుంచి అది బడికి పోదు. పుస్తకాలు అటక మీద పెట్టేశా” అంది నా కోడలు ధనం.

“ఎవర్నడిగి పెట్టావు? దించు” అన్నాను.

“ఎవర్నడగాలి? నీళ్ల సీసా నేను నింపిచ్చినట్టే తిరిగొచ్చింది. ఒంటికి పోసుకునే ట్యూబు పెట్టె మూతైనా తీయలేదు. పొద్దున ఏడింటికి ట్యూబు పెట్టుకున్న పిల్ల సాయంత్రం అయిదింటి దాకా అట్టాగే కూర్చుంది. ఉన్నది ఒక్క కిడ్నీ అత్తా. అది కూడా పోయాక ఆ చదువు ఏం చేసుకుంటది?”

“చదువు లేకపోతే నాలాగే గంప ఎత్తుకోవాలి. ఆ ఒంటితో గంప మోస్తదా? నీళ్లు తాగమని గట్టిగా చెప్పు. వినకపోతే రెండు తగిలించు. బడి మాత్రం మాన్పించడానికి లేదు.”

“నేను చెబితే ఎందుకు వింటది? దానికి నీళ్లు మాన్పించింది నేనా? నువ్వు.”

ఆరేళ్లుగా మా ఇంట్లో అందరి మనసులోనూ ఉండి, ఎవరూ పైకి అనని మాట అది. నా మనవరాలు భవాని గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. అప్పటికి దానికి పన్నెండేళ్లు.

ఈ తగువు ఎలా తేలిందో చివర చెబుతాను. పిల్ల పుట్టిన రోజు నుంచి చెబితేగానీ ఎవరి మాట ఎంత నిజమో తెలియదు. నేను మూడో తరగతి దాకా చదివాను. ఆసుపత్రి మాటలు అక్కడ విన్నవి విన్నట్టే రాస్తున్నాను.

మాది కృష్ణ పాయ ఒడ్డున చేపలు పట్టుకునే వాళ్ల పల్లె. చల్లపల్లికి బస్సులో అరగంట. మగవాళ్లు వేటకు వెళ్తారు, ఆడవాళ్లం గంపలు ఎత్తుకుని బజారుకు వెళ్తాం. నా కొడుకు ఏడుకొండలుకు మా తమ్ముడి కూతురు ధనాన్నే చేసుకున్నాను. తొంభై రెండులో కృష్ణకు పుష్కరాలు వెళ్లిన మరుసటి సంవత్సరం వాళ్లకు భవాని పుట్టింది. కాన్పు ఇంట్లోనే మంత్రసాని చేసింది. పిల్ల తెల్లగా, నిండుగా ఉంది. బాగా ఏడ్చింది.

రెండో రోజు మధ్యాహ్నానికి నాకు ఏదో తేడాగా తోచింది. పిల్ల పాలు పట్టడం లేదు, పొట్ట బిగుసుకుపోయి ఉంది. పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా దొడ్డికి వెళ్లలేదు. పసిపిల్లలకు కడుపు కదలడానికి మా వైపు ఆముదం నాకిస్తారు. నేనూ వేలితో రెండుసార్లు నాకించాను. సాయంత్రానికి పచ్చగా వాంతి చేసుకుంది. అప్పుడు పొత్తిగుడ్డ విప్పి సరిగా చూశాను. మలం వచ్చే దారి ఉండవలసిన చోట చర్మం మూసుకుపోయి ఉంది. అప్పటికే రెండు పూటలు ఆ పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నేనే నీళ్లు పోశాను. ముక్కు తీర్చాను, తల సాగదీశాను. ఆ చోటు చూడలేదు.

పిల్లను విజయవాడ తీసుకెళ్లాం. పిల్లల ఆపరేషన్లు చేసే డాక్టరు గారు పొట్ట మీద చెయ్యి వేసి, “ఆముదం ఎవరు పోశారు?” అని అడిగారు. నేనేనండీ అన్నాను. “బయటికి దారి లేని పిల్లకి లోపలికి పోశారన్నమాట” అన్నారు. గొంతు పెంచలేదు. వెంటనే ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. దాన్ని కొలాస్టమీ అంటారు. పేగును పొట్ట మీదికి తెచ్చి, అక్కడి నుంచి మలం వచ్చేట్టు చేస్తారు.

నాలుగో రోజున మా ముగ్గురినీ కూర్చోబెట్టి ఆయన చెప్పింది నాకు బాగా గుర్తుంది.

“అమ్మా, తల్లి కడుపులో ఈ కింది భాగాలన్నీ దగ్గర దగ్గరగా ఒకే సమయంలో తయారవుతాయి. మలం దారి, మూత్రం దారి, వెన్నెముక చివర. ఒకటి తప్పితే పక్కది కూడా తప్పి ఉండొచ్చు. మీకు పైకి కనిపించింది ఒకటే. కనిపించనివి మేం వెతకాలి.”

వెతికారు. స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ లేదు. అసలు తయారే కాలేదన్నారు. ఎక్స్‌రేలో వెన్నెముక చివరి ఎముక, శాక్రమ్ అంటారు, సగమే ఉంది. మేనరికమా అని అడిగారు. అవునన్నాను. అందువల్లే వచ్చిందని చెప్పలేమని, బయటి సంబంధాలు చేసుకున్న వాళ్లకూ ఇలాంటి పిల్లలు పుడతారని ఆయనే అన్నారు. ఆ సంగతి ఇంటికొచ్చి మా తమ్ముడికి చెప్పాను. అతను వినలేదు. “నీ ఇంటికి ఇవ్వకుండా ఉండాల్సింది అక్కా” అన్నాడు. ఆ తరవాత చాలా కాలం మా ఇంటి ముందు నుంచి వెళ్తూ కూడా లోపలికి రాలేదు.

కొలాస్టమీకి సంచులు కొనమన్నారు. నేను కొననివ్వలేదు. పాత నేత లుంగీలు చించి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి వాడాం. చుట్టూ కొబ్బరినూనె రాసేదాన్ని. మళ్లీ చూపించినప్పుడు నర్సమ్మ పిల్ల పొట్ట చూసి, సంచులు వాడే వాళ్లకు కూడా చర్మం ఇంత శుభ్రంగా ఉండదంది. ఆ మాట నాకు బాగా తలకెక్కింది. ఈ పిల్లకు ఏం కావాలో నాకే తెలుసు అనుకున్నాను.

ఏడాది నిండే లోపు మలం దారి తయారుచేసే ఆపరేషన్ అయింది. తరవాత పొట్ట మీది దారి మూసేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు కాగితం మీద ఒక పరీక్ష రాశారు. ఎమ్‌సీయూ. చిన్న ట్యూబుతో బ్లాడర్‌లోకి మందు ఎక్కించి, మూత్రం ఎటు పోతోందో ఫొటోలు తీస్తారట. “ఉన్న ఒక్క కిడ్నీ క్షేమంగా ఉందో లేదో దాంట్లోనే తెలుస్తుంది. నెల తరవాత తప్పకుండా తీసుకురండి” అన్నారు.

తీసుకెళ్లలేదు. ఏడుకొండలు వెళ్దామన్నాడు. ధనం రెండుసార్లు అడిగింది. పిల్లకు ఇప్పటికే మూడు కోతలయ్యాయి, కొత్తగా ట్యూబులెందుకు, దారి బాగానే వచ్చిందిగా అన్నాను. మళ్లీ బస్సులు, మళ్లీ ఆసుపత్రి వరండాలో పడుకోవడం, మళ్లీ ఇద్దరి పని పోవడం. ఆ ఇంట్లో నా మాటే చెల్లేది. కాగితాన్ని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టాను.

తరవాత అయిదేళ్లు భవానికి జ్వరాలు వస్తూనే ఉన్నాయి. పళ్లొచ్చేటప్పుడు వచ్చింది పళ్ల జ్వరం అన్నాను. పళ్లొచ్చేశాక వచ్చింది దిష్టి అన్నాను. పల్లెలో ఆర్‌ఎంపీ ఇచ్చిన గోళీలతో తగ్గేది. ఎప్పుడు చూసినా గౌను తడిగా ఉండేది. చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉండేది. నేను దాన్ని బద్ధకమనుకున్నాను. పిర్ర మీద కొట్టాను కూడా.

బళ్లో వేశాక నెల తిరక్కుండా టీచరమ్మ కబురు పెట్టింది. పక్కన కూర్చున్న పిల్లలు వాసనని గొడవ చేస్తున్నారట, తడి తగ్గాక పంపమంది. అప్పుడు నేను చేసిన పనే ఈ కథంతా.

చేపలమ్మే ఆడవాళ్ల సంగతి బయటివాళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మొదటి బస్సుకు గంపతో వెళ్తే మేం తిరిగి ఇల్లు చేరేది మూడు, నాలుగు గంటలకు. బజారులో ఆడవాళ్లు ఒంటికి వెళ్లే చోటు ఉండదు. గంప వదిలి ఎటైనా వెళ్తే చేపను కాకి తన్నుకుపోతుంది, లేకపోతే మనిషి తీస్తాడు. అందుకని పొద్దున లేచింది మొదలు మేం నీళ్లు ముట్టం. ఇంటికొచ్చాకే తాగుతాం. మా అమ్మ నాకు అలాగే నేర్పింది. మూత్రం మంటగా పడితే వేడి చేసిందని నాలుగు సబ్జా గింజలు నానేసుకుని తాగుతాం. చల్లపల్లి బస్టాండులో డబ్బులిచ్చి వెళ్లే దొడ్డి కట్టారు. దానికి కూడా డబ్బులా అని మా గంపల వాళ్లమంతా నవ్వుకున్నాం.

ఆ పద్ధతే పిల్లకు పెట్టాను. బళ్లోకి వెళ్లే ముందు నీళ్లు లేవు. మజ్జిగ లేదు. బడి నుంచి వచ్చాకే. మొదట్లో ఏడ్చింది, దాహమని నాలుక చూపించింది. నేను కరగలేదు. “మామ్మ తాగుతోందా? చూడు” అన్నాను. పదిహేను రోజులకు అలవాటు పడింది. మధ్యాహ్నం దాకా గౌను పొడిగా ఉండేది. వాసన తగ్గింది. టీచరమ్మ కూర్చోనిచ్చింది. బజారులో పక్క గంపల వాళ్లకు కూడా చెప్పుకున్నాను, మా మనవరాలు నాలాంటిదని.

ఆరో ఏడు నిండేసరికి ఒకసారి జ్వరం వచ్చి వారం దాకా దిగలేదు. వణుకుతో పళ్లు కొట్టుకునేవి. మొహం ఉబ్బింది, కళ్లు సగం మూసుకుపోయాయి. ఏడుకొండలు నన్ను అడగకుండానే పిల్లను భుజాన వేసుకుని బస్సెక్కాడు. వెనక మేమిద్దరం పరుగెత్తాం.

ఆ పాత డాక్టరు గారే. తల నెరిసింది. ఆయనకు పిల్ల గుర్తుంది. పరీక్ష చేస్తూ మామూలుగా అడిగారు, రోజుకు నీళ్లు ఎంత తాగుతుందని.

“పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క ముట్టదండీ. అట్టా పెంచాను” అన్నాను.

మెచ్చుకుంటారనే చెప్పాను. దాచడానికి ఏముంది, అందులో తప్పుందని నాకు తెలిస్తే కదా. ఆయన రాస్తున్న కలం బల్ల మీద పెట్టారు.

“ఎమ్‌సీయూ చేయించారా?” అన్నారు.

“లేదండీ.”

మూత్రం దారిలో ట్యూబు పెట్టారు. మంచానికి కట్టిన సంచి నిండింది, ఇంకో సంచి పెట్టారు. అంత చిన్న పిల్ల పొట్టలో అన్ని నీళ్లెక్కడివో నాకు అర్థం కాలేదు. చిక్కగా, మురిగిన చేపలగుంట నీళ్లలా ఉన్నాయి. అప్పుడు ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. వెన్నెముక చివర సరిగా లేదు కాబట్టి బ్లాడర్‌కు వెళ్లే నరాలు పనిచేయడం లేదు. దాన్ని న్యూరోజెనిక్ బ్లాడర్ అంటారు. నిండుతుందిగానీ తనంతట తాను ఖాళీ కాదు. మేం చూసిన తడి నిండిపోయి పొర్లినది. మిగిలింది లోపలే నిలవ ఉండి, కుళ్లి, వెనక్కి కిడ్నీలోకి ఎక్కింది. దాన్ని రిఫ్లక్స్ అంటారు. నీళ్లు తక్కువైన కొద్దీ చీము ఎక్కువైంది.

“పొడి గౌను చూసి బాగుందనుకున్నారు. ఆ తడితోనే తన జబ్బు మీకు చెప్పింది ఆ పిల్ల” అన్నారు.

మందులతో జ్వరం దిగాక, కిడ్నీ ఎంత మేర పనిచేస్తోందో చూసే డీఎమ్‌ఎస్‌ఏ స్కాన్ తీశారు. ఉన్న ఒక్క కిడ్నీ మీద మచ్చలు పడ్డాయి. ఆ మేర కిడ్నీ మళ్లీ బాగుపడదన్నారు. కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన క్రియాటినిన్ రక్తంలో ఎక్కువగా ఉంది. ఇంటికి పంపే ముందు ఆయన నన్ను ఒక్కదాన్నే పిలిచారు. తిట్టడానికే అనుకున్నాను. “అమ్మా, ఆ పిల్ల మిమ్మల్ని చూసి నేర్చుకుంది. ఇక నుంచి దాని ఎదురుగా మీరు నీళ్లు తాగండి. చూసి తాగుతుంది” అన్నారు. సరేనండీ అన్నాను.

ఇంటికొచ్చాక మూడు గంటలకోసారి ట్యూబు పెట్టి ఖాళీ చేయాలి. దాన్ని సీఐసీ అంటారు. నర్సమ్మ ధనానికి నేర్పింది. నాకు చేతకాలేదు. చేపను చీల్చే చేతులతోనే ట్యూబు తీసుకుని, పిల్ల దగ్గరికొచ్చేసరికి ధనానికి ఇచ్చేసేదాన్ని. బడికి మధ్యాహ్నం ధనం వెళ్లి టీచరమ్మ వంటింట్లో పిల్లకు ట్యూబు పెట్టి వచ్చేది. తొమ్మిదో ఏట భవాని తానే నేర్చుకుంది, చిన్న అద్దం పెట్టుకుని. మొదటిసారి సరిగా పెట్టుకున్న రోజున బయటికొచ్చి, ఖాళీ చేసిన గిన్నె నాకు చూపించి వెళ్లింది.

మధ్యలో నేను ఇంకో తప్పు చేశాను. ట్యూబును సబ్బుతో కడిగి, ఆరబెట్టి, స్టీలు పెట్టెలో దాచుకుని కొన్నాళ్లు వాడుకోవచ్చని ఆసుపత్రిలోనే చెప్పారు. గట్టిపడితే పారేయమన్నారు. నేను పారేయనివ్వలేదు, ఇంకా చిల్లు పడలేదుగా అన్నాను. ఒరుసుకుని రక్తం పడింది, మళ్లీ జ్వరం, మళ్లీ పది రోజులు విజయవాడ. రిఫ్లక్స్‌కు ఆపరేషన్ కూడా చేశారు. కొంత నయమే. క్రియాటినిన్ మాత్రం దిగలేదు. నీళ్లు, ట్యూబు వేళ తప్పకుండా ఉంటే ఆ కిడ్నీ ఇంకా కొన్నేళ్లు లాగుతుందన్నారు డాక్టరు గారు. మా చేతిలో ఉన్నవి ఆ రెండే.

ఆయనకు ఇచ్చిన మాట నేను నిలబెట్టుకోలేదు. సాయంత్రాలు దాని ఎదుట తాగేదాన్ని. పొద్దున మాత్రం ఎప్పటిలాగే నోరు కట్టుకుని గంపతో వెళ్లేదాన్ని. బజారులో నేనేం చేయను? పొద్దున నేను తాగుతున్నానో లేదో పిల్ల చూస్తోందని అనుకోలేదు.

ఇక తగువు దగ్గరికొస్తాను. అప్పటికి రెండోసారి పుష్కరాలు వచ్చి వెళ్లి ఏడాది అయింది. భవాని చల్లపల్లిలో హైస్కూల్లో చేరింది, నేను వెళ్లే బస్సులోనే వెళ్లేది. నీళ్లు మాన్పించింది నువ్వు అని ధనం అన్నాక భవానే గుమ్మంలో నుంచి మాట్లాడింది.

“అమ్మా, బళ్లో దొడ్డికి తాళమేసి ఉంటది. టీచర్లకే. రోజుకు రెండుసార్లు తాళంచెవి అడిగితే ఎందుకే నీకు అంటారు. ఏం చెప్పను? నీళ్లు తాగకపోతే ఏ గొడవా లేదు. మామ్మ తాగట్లేదుగా. సాయంత్రం దాకా అట్టాగే కూర్చుంటది. ఆమెకేం కాలేదుగా.”

ధనం నా వైపు చూసింది. నేను చెంబు తీసుకుని చేపల గంప కడగడానికి బయటికి వెళ్లాను.

ఇప్పుడు భవానికి పదహారేళ్లు. పదో తరగతి పాసైంది. ఆ కిడ్నీ నాలుగేళ్లు లాగింది. పోయిన వేసవి నుంచి వారానికి రెండుసార్లు విజయవాడలో డయాలిసిస్. ధనం తన కిడ్నీ ఇస్తానంటోంది. ముందు బ్లాడర్‌ను సరిచేస్తేగానీ కొత్త కిడ్నీ పెట్టినా నిలవదన్నారు, దానికి పరీక్షలు జరుగుతున్నాయి. మా తమ్ముడు మళ్లీ ఇంటికి వస్తున్నాడు. డయాలిసిస్ రోజున మనవరాలి సంచి అతనే పట్టుకుంటాడు. ఒంట్లో నీరు నిలుస్తోందని ఇప్పుడు డాక్టర్లే నీళ్లు కొలిచి ఇమ్మంటున్నారు. తాగు తాగు అని వెంటపడిన పిల్లకు, దాహమని అడిగినా గ్లాసులో గీత దాకా పోసి ఇస్తున్నాను. చిన్నప్పుడు నాలుక చూపించినట్టు ఇప్పుడు చూపించదు. గ్లాసు తీసుకుని మెల్లగా తాగుతుంది.

చదివే వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పుట్టిన బిడ్డకు మలం దారిలో గానీ, వెన్ను చివర గానీ ఒక లోపం కనిపిస్తే, అంతటితో అయిపోయిందనుకోకండి. కిడ్నీలు, బ్లాడర్ చూపించండి. డాక్టరు రాసిన పరీక్ష కాగితాన్ని మడిచి పెట్టెలో పెట్టకండి.

తగువైన మరునాడు పొద్దున నేనే అటక ఎక్కి పుస్తకాలు దించాను. బిందెలో నుంచి రెండు గ్లాసుల నీళ్లు ముంచి, ఒకటి భవానికి ఇచ్చి ఒకటి నేను తాగాను. తాగుతున్నంతసేపూ అది నా గొంతు వైపే చూసింది. తరవాత తన గ్లాసు తాగింది. ధనం సీసా నింపి సంచిలో పెట్టింది. ఇద్దరం మొదటి బస్సెక్కాం. చల్లపల్లి బస్టాండులో దిగాక, ముప్ఫయ్యేళ్లుగా వెళ్లే దారి వదిలి ఆ డబ్బుల దొడ్డి దగ్గరికి నడిచాను. ఇద్దరికని చెప్పి చిల్లర ఇచ్చాను. మధ్యాహ్నం బడి గంట కొట్టేసరికి గేటు దగ్గర ఉంటాను, ఇక్కడికే వద్దాం అన్నాను. భవాని స్టీలు పెట్టె తీసుకుని లోపలికి వెళ్లింది. నేను గంపకు కాపలాగా నిలబడ్డాను. అది బయటికొచ్చాక గంప దానికి అప్పజెప్పి నేను వెళ్లాను.